రాక్ అనబోతే ‘రాకు’: బాపట్లలో ఒక రికార్డింగు

మా మనవరాలు లావణ్యకు బాపట్లలో రికార్డింగు కుదరడంతో ఈ ప్రయాణం పడింది. ఒక వీడియో గేమ్‌లో ఆడేవాళ్ళు నడిపే పాత కారులో రేడియో మోగుతుందట. దానికి డెబ్బై ఏళ్ళ కిందటి అమెరికా రాక్ అండ్ రోల్ పాటలు కావాలి. అసలు రికార్డుల హక్కులు ఖరీదు కాబట్టి కొత్తవాళ్ళ చేత మళ్ళీ పాడిస్తున్నారు. పెళ్ళి కచేరీల్లో వెనక వరసలో పాడే పిల్లకు సొంత పేరుతో ఇదే తొలి పాట. ఒంటరిగా పంపడం ఇష్టం లేక నేనూ బయలుదేరాను.

రేపల్లెలో పొద్దుటి పాసింజరు ఎక్కితే తెనాలికి గంట పైచిలుకు, మనిషికి పది రూపాయలు. స్టేషను బయట ఇడ్లీ ముప్పై. చట్నీలో నీళ్ళే ఎక్కువ. లావణ్య బృందంలో గిటారు వాయించే రఫీ అక్కడ కలిశాడు. బాపట్ల బండి చుండూరు దాటగానే పట్టిన ముసురు మళ్ళీ వదల్లేదు. దిగాక ఆటోకు వంద అడిగితే ఎనభైకి ఒప్పించాను.

“రికార్డింగు సినిమాకాండి మామ్మగారూ?” అన్నాడు ఆటో అతను. గేముకని చెప్పాను. “మావాడు చదువు మానేసి ఆడేది అవేనండి,” అన్నాడు.

స్టూడియో అంటే మేడ మీద ఒక గది. గోడలకు పరుపులు కట్టారు, చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేశారు. గేమ్ కంపెనీ అబ్బాయి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో వింటున్నాడు. రఫీ గిటారు ఒక్కసారికే బాగుందన్నాడు. లావణ్య గొంతెత్తాక మాత్రం మాటిమాటికీ ఆపించాడు. డ్రమ్ము వేగానికి ప్రతి మాట చివరా ఆమెకు తెలియకుండానే ‘ఉ’ చేరిపోతోంది; పాటలోని ‘రాక్’ కాస్తా ‘రాకు’ అవుతోంది.

“రమ్మని పిలిచే పాటమ్మా ఇది. నువ్వేమో రాకు, రాకు అని తరిమేస్తున్నావు,” అని రికార్డింగు చేసే ప్రసాదు నవ్వాడు. మొదట లావణ్య కూడా నవ్వింది. మధ్యాహ్నానికి ఆ నవ్వు పోయింది.

చివరకు కంపెనీ అబ్బాయి రఫీని పాడమన్నాడు. రఫీ ఇంట్లో ఉర్దూ; మాట ఎక్కడ ఆపాలో అక్కడ ఆగుతుంది. “అది లావణ్య పాటండి, నేను పాడను,” అన్నాడు రఫీ. అయితే పాట వేరే ఊరి వాళ్ళకు ఇస్తామన్నాడు కంపెనీ అబ్బాయి. ఇంకొక్కసారి వినమని నేనే అడిగాను.

లావణ్య కళ్ళు మూసుకుని పాడింది. పాట అయ్యాక తెర వైపు చూడలేదు, నన్నే చూసింది. “మళ్ళీ ‘ఉ’ వచ్చిందా అమ్మమ్మా?”

“వచ్చిందే,” అన్నాను. పిల్ల మనసు నిలపడానికైనా విన్నది విననట్టు చెప్పడం నాకు చేతకాదు.

“నువ్వు పాడు రఫీ. లేకపోతే ఇద్దరికీ ఉండదు,” అంది లావణ్య. అతను పాడాడు. వెనకాల చప్పట్లు కావాలంటే ఆమె కొట్టింది.

సాయంత్రం చెరుకుపల్లి మీదుగా బస్సులో తిరిగి వచ్చాం. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుందని, మన భాష తీపి అందులోనే ఉందని ఎందరో పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ఆ తీపే మా పిల్లకు అడ్డం పడింది. కిటికీకి తల ఆనించి దారి పొడుగునా పెదవులు కదుపుతూనే ఉంది. ఏం సాధన చేస్తోందో తెలుసు. చివర ‘ఉ’ ఉందో లేదో బస్సు మోతలో వినపడలేదు. వింటే మళ్ళీ నిజమే చెప్పాల్సి వచ్చేది. ఇలాంటి రికార్డింగులకు వెళ్ళేవాళ్ళు పాటను ముందే ఫోనులో పాడి పంపి, కంపెనీవాళ్ళు సరేనన్నాకే టికెట్టు కొనండి.