మాస్టారిని లేపకండి

నిద్ర మాస్టారు లారీ నడపడం నేర్పుతూ నిద్రపోతారు. మధ్యాహ్నం భోంచేసొచ్చి ఓ కునుకు తీస్తారని కాదు. పొద్దున్న ఎనిమిదింటికి, నున్నగా గడ్డం గీసుకుని, కాఫీ తాగి, తల దువ్వుకుని మరీ లారీ ఎక్కుతారు. డ్రైవరు పక్క సీట్లో సర్దుకుని కూర్చుని, ఓ పాత శాలువా మోకాళ్ళ మీంచి పాదాల దాకా కప్పుకుని, "ఇక పోనీ" అంటారు. ఆ రెండు మాటలే పాఠం. మూడో మాట రావలసిన చోట గురక వస్తుంది. ఆయన అసలు పేరు బోర్డు మీద ఒకప్పుడు ఉండేదట గానీ, అది వానకి కడుక్కుపోయింది. మళ్ళీ రాయించే అవసరం ఆయనకీ కనబడలేదు, జనానికీ కనబడలేదు.

ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఫొటోగ్రాఫరు పగలబడి నవ్వాడు. నిజానికి అతనిది నవ్వే పరిస్థితి కాదు. నలభై ఏడేళ్ళొచ్చాయి. ఇరవై మూడేళ్ళు నడిపిన స్టూడియోకి జనం రావడం మానేశారు. ప్రతివాడి జేబులోనూ కెమెరా ఉండగా ఇక స్టూడియో ఎవరికి కావాలి? చివరి ఏడాది తలుపు తోసుకుని వచ్చినవాళ్ళలో సగం మంది ఫోను ఛార్జింగు పెట్టుకుంటామని వచ్చినవాళ్ళే. పాల డెయిరీలో ట్యాంకరు డ్రైవర్లు కావాలంటే వెళ్ళి అడిగాడు. మేనేజరు మంచివాడు.

"పెద్ద బండి లైసెన్సు వచ్చే నెల ఇరవైలోపు తెచ్చుకోండి, ఉద్యోగం మీదే" అన్నాడు.

"నా వయసు..."

"పాలకి మీ జుట్టు రంగుతో పనేముందండీ? విరక్కుండా చేరిస్తే చాలు."

చిన్న బండి లైసెన్సు అతనికి ఎప్పట్నుంచో ఉంది. ఇక పెద్ద బండి నేర్పేవాళ్ళని వెతకడంతో తల ప్రాణం తోకకొచ్చింది. మొదటి స్కూలుకి అద్దాల తలుపులున్నాయి, లోపల ఏసీ ఉంది, చిరునవ్వుతో ఒకమ్మాయి ఉంది. ఆ అమ్మాయి ఫీజు చెప్పగానే ఇతను, "లారీ కూడా ఇందులోనే ఇచ్చేస్తారాండీ?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కాదు. ఆ అమ్మాయి చిరునవ్వు అక్కడితో ఆగింది.

రెండో స్కూల్లో ఫీజు కాస్త నయం. నేర్పేవాడికి పాతికేళ్ళుంటాయి. చేతిలో చెక్క స్కేలు ఒకటి పట్టుకుని, తప్పు చేసినప్పుడల్లా డ్యాష్‌బోర్డు మీద ఫట్‌మని కొడతాడు. "బాబాయ్! అది గేరు, మీ వీధి బోరింగు కాదు!" అని అతను అరిస్తే వెనక బెంచీ మీది కుర్రాళ్ళు ఐదుగురూ ఘొల్లుమన్నారు. ఫొటోగ్రాఫరు మర్యాదగా లారీ ఆపి, మర్యాదగా దిగి, ఇంటికి నడిచొచ్చేశాడు.

"నాకు రాదు" అన్నాడు భార్యతో.

పాపం, అతని కష్టం గేరుతో కాదు. ఇరవై మూడేళ్ళూ మనుషుల్ని తను చూడటమే తప్ప, తనని ఎవరూ కూర్చుని చూసింది లేదు. ఎవరైనా కళ్ళప్పగించి చూస్తే చాలు, అతని కాళ్ళూ చేతులూ ఆడవు. పెళ్ళిచూపుల్లో మంచినీళ్ళ గ్లాసు మామగారి ఒళ్ళో ఒంపేసిన మనిషి.

భార్య ఇంట్లో మిషను కుడుతుంది. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ, "నా దగ్గర బట్టలు కుట్టించుకునే బేకరీ ఆవిడ లేదూ, బేకరీ మూసేసి తనూ లారీ నేర్చుకుంటోంది. సగం ఫీజేనట. కాకపోతే..." అంది.

"కాకపోతే?"

"మాస్టారు నిద్రపోతాడట."

అతను నవ్వింది అప్పుడే. నవ్వి, నవ్వి, మర్నాడు పొద్దున్నే వెళ్ళాడు.

పాత గిడ్డంగుల వెనక ఖాళీ స్థలం, అందులో ఒకే ఒక్క లారీ, దాని నీడలో కుర్చీ వేసుకుని మాస్టారు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి.

"ఫీజు సగమేనని విన్నానండీ. నిజమేనా?"

"నిద్రపోయేవాడికి పూర్తి ఫీజు ఎవరిస్తారయ్యా? ఇచ్చినా తీసుకోవడానికి నాకు సిగ్గుండొద్దూ?"

"మెలకువగా ఉండి నేర్పరా?"

"నా వల్ల కాదు. ఇంజను చప్పుడు వినబడితే చాలు, ఊయల్లో వేసి ఊపినట్టుంటుంది నాకు. షరతు ఒక్కటే. నన్ను లేపకూడదు. కుదిపి లేపావంటే వీధి మొదటికెళ్ళి మళ్ళీ మొదలుపెట్టాలి."

"మరి తప్పు చేస్తే ఎవరు చెప్తారండీ?"

"చెప్పేదేముందయ్యా, లేస్తాను కదా!"

మొదటిరోజు పదకొండుసార్లు లేచారు. లేచినప్పుడల్లా ఒక్క కన్నే తెరుస్తారు.

"ఏమైంది?"

"గేరు మార్చానండీ."

"మార్చావా, విరిచావా?" అని, జవాబు వినకుండానే మళ్ళీ గురకలోకి జారిపోతారు. ఇతను చచ్చినట్టు వెనక్కి తిరిగి వీధి మొదటికి వెళ్ళాలి. ఆ వీధిలో మందులషాపు ఆయన ఆ పొద్దున లారీని పన్నెండుసార్లు చూసి, ఎవరో ఇల్లు మారుతున్నారనుకున్నాడు.

సాయంత్రం భార్య గుమ్మంలోనే అడిగింది. "ఎన్నిసార్లు లేచాడు?"

"పదకొండు."

"పరవాలేదు. బేకరీ ఆవిడకి మొదటిరోజు పద్నాలుగట."

అప్పట్నుంచి ఆ ఇంట్లో చదువు లెక్క అదే అయింది. ఎంత దూరం నడిపావు, ఏ రోడ్డు మీద నడిపావు అని ఎవరూ అడగరు. ఎన్నిసార్లు లేచాడన్నదే ప్రశ్న. పది. ఎనిమిది. ఓ రోజు వాన పడి మళ్ళీ పన్నెండు. ఆ రోజు భార్య కాఫీలో చక్కెర ఇంకో చెంచా వేసింది.

వారం తిరిగేసరికి ఫొటోగ్రాఫరుకి గురక భాష పట్టుబడింది. క్లచ్చు మెత్తగా వదిలితే గురక నిండుగా, తీరిగ్గా సాగుతుంది. మలుపు దగ్గర తొందరపడితే మధ్యలో చిన్న గుటక పడుతుంది. అద్దం చూడకుండా పక్కకి జరిగితే గురక ఠక్కున ఆగిపోతుంది, ఇతని ఊపిరీ దానితోపాటే ఆగుతుంది. అద్దం చూసుకుంటే మళ్ళీ మొదలవుతుంది. నిద్రలో కూడా మనిషికి రోడ్డు తెలుస్తుందంటే అదెంత అనుభవమో అని ఇతను అబ్బురపడేవాడు. అంతకుమించి ఆలోచించే తీరిక లేదు, ఎదురుగా రోడ్డుంది.

అసలు సుఖం వేరే ఉంది. లారీలో తనని చూసేవాళ్ళు లేరు. తప్పు చేస్తే తనని తనే తిట్టుకునేవాడు, బాగా తిప్పితే తనే భుజం తట్టుకునేవాడు. ఓసారి పెద్ద మలుపు సాఫీగా తీసి, పట్టలేక పాట కూడా ఎత్తుకున్నాడు. మాస్టారు లేచారు. "బండి బాగానే ఉంది. పాటే బాగాలేదు" అని పడుకున్నారు.

మూడోవారంలో ఓ గండం గడిచింది. సందులోంచి పరుపుల బండి ఒకటి, తోసేవాడు కనబడకుండా, పరుపులే నడిచొస్తున్నట్టు నేరుగా లారీ ముందుకొచ్చేసింది. ఫొటోగ్రాఫరు స్టీరింగుని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. లారీ పరుపుకి బెత్తెడు దూరంలో ఆగింది. తన కాలు ఎప్పుడు పడిందో తనకే తెలియలేదు. ఊపిరి కూడదీసుకుని పక్కకి చూస్తే మాస్టారు హాయిగా గురకపెడుతున్నారు.

"అంత కుదుపుకీ లేవలేదా?" అంది భార్య.

"లేవలేదంటే చూడు! నా బ్రేకు ఎంత మెత్తగా పడి ఉంటుందో!" అని ఆ రోజంతా అతను నేల మీద నడవలేదు.

ఆ వారంలోనే ఓ పొద్దున, బేకరీ ఆవిడ నడుపుతుంటే, తన వంతు కోసం వెనక బెంచీ మీద కూర్చున్న ఫొటోగ్రాఫరు ముందుకి వంగి, నిద్రపోతున్న మాస్టారిని ఓ ఫొటో తీశాడు. లైసెన్సు వచ్చాక ఫ్రేము కట్టించి కానుకగా ఇద్దామని. స్టూడియోలో మిగిలిన ఆఖరి ఫ్రేము దీనికోసమే అట్టేపెట్టాడు.

ఆ నెలంతా అలా గడిచింది. పై నెల పద్దెనిమిదో తారీఖున పరీక్ష. అది తప్పితే ఇరవైలోపు మరో పరీక్ష లేదు, ఇరవై దాటితే డెయిరీ ఉద్యోగం లేదు. లైసెన్సు ఆఫీసు ఆవరణలో ఫొటోగ్రాఫరు స్టీరింగు ముందు కూర్చున్నాడు. బండి తనది కాబట్టి మాస్టారు వెనక బెంచీ మీద సర్దుకున్నారు. పక్క సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చుని, అట్టకి కాగితం తగిలించి, పెన్ను మూత తీసి, రెండు కళ్ళూ విప్పి ఇతని వైపు తిరిగాడు. అప్పుడు తట్టింది ఫొటోగ్రాఫరుకి: మెలకువగా ఉన్న మనిషి పక్కన తనింతవరకూ లారీ నడపనేలేదు!

"మొదలుపెట్టండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

క్లచ్చు ఒక్కసారిగా వదిలేశాడు. లారీ ఓ గెంతు గెంతి ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు ఏదో రాసుకున్నాడు.

"ఇంకొక్క అవకాశం ఇస్తాను. కంగారు పడకండి" అన్నాడు, మరింత దీక్షగా చూస్తూ. ఫొటోగ్రాఫరు కళ్ళ ముందు డెయిరీ, ట్యాంకరు, భార్య మిషను అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి గురక వినిపించింది. నిండుగా, తీరిగ్గా, రోజూ ఎనిమిదింటికి వినిపించే గురకే.

ఇన్‌స్పెక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఎవరాయన? ఏంటా చప్పుడు?"

"మా మాస్టారండీ" అన్నాడు ఫొటోగ్రాఫరు గొంతు తగ్గించి. "కొంచెం మెల్లగా మాట్లాడండి సార్. లేపకూడదు."

ఆ తర్వాత అతనికి ఇన్‌స్పెక్టరు లేడు, పెన్ను లేదు. వెనకాల నిద్రపోతున్న ఓ పెద్దాయన ఉన్నాడు, ఆయన్ని లేపకుండా తీసుకెళ్ళి తీసుకురావాలి, అంతే. లారీ పాలమీగడ మీద పోయినట్టు పోయింది. వెనక్కి తిప్పి రెండు గుంజల మధ్య నిలబెట్టేదాకా గురకలో ఒక్క గుటక పడలేదు. దిగేటప్పుడు ఇన్‌స్పెక్టరు కూడా తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

"ఎన్నిసార్లు లేచాడు?" అంది భార్య.

"ఒక్కసారి కూడా లేవలేదు!"

ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, మిషను మీదకి వంగి, కుట్టిన కుట్టే మళ్ళీ కుట్టింది.

మర్నాడు ఫొటోగ్రాఫరు స్టూడియోలో కూర్చుని మాస్టారి ఫొటో కంప్యూటరు తెర మీద పెట్టాడు. గోడలు బోసిగా ఉన్నాయి, సామాను పెట్టెల్లోకి చేరింది. ఫొటోలో నీడలు తేటపరచడం అతనికి పాత అలవాటు. చేయి ఊరుకోక, సీటు కింద చీకటిని కాస్త వెలుగులోకి తెచ్చాడు. శాలువా ఓ పక్కకి జారి ఉంది. దాని కింద రెండో బ్రేకు ఉంది, నేర్పేవాళ్ళ వైపు ఉండే బ్రేకు. దాని మీద మాస్టారి కాలు. చెప్పు విప్పేసి, మడమ నేల మీద ఆనించి, బొటనవేలు బ్రేకుకి అంగుళం పైన ఎత్తిపట్టి ఉంది. నిద్రపోయే మనిషి కాలు అలా ఉండదు. ఎప్పుడైనా సరే పడటానికి సిద్ధంగా ఉన్న కాలు అది.

అతను ముఖాన్ని పెద్దది చేసి చూశాడు. ఇరవై మూడేళ్ళలో ఫొటోకి కళ్ళు మూసేసినవాళ్ళని కొన్ని వేలమందిని చూశాడు. ఈ రెప్పలు మూసుకున్న రెప్పలు కావు. కింద సన్నటి గీతలా తెల్లగా మెరుస్తోంది, ఆ గీత రోడ్డు వైపే ఉంది.

పరుపుల బండి గుర్తొచ్చింది. మెత్తగా పడిన తన బ్రేకు కూడా గుర్తొచ్చింది. ఖాళీ స్టూడియోలో ఒక్కడూ కూర్చుని కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. నెల పైన రోజుకో గంట, కాలు ఎత్తిపట్టి, కళ్ళు మూసీ మూయనట్టు పెట్టి, గొంతు పోయేలా గురకపెట్టి, అదీ సగం ఫీజుకి! తనలాంటివాడికి సిగ్గు వేయకూడదని ఓ మనిషి ఇంత కష్టపడ్డాడంటే అతనికి ఆ పెద్దాయన మీద పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది.

ఫొటోని నడుము దగ్గర కత్తిరించి ఫ్రేము కట్టాడు.

మాస్టారు దాన్ని చాలాసేపు చూశారు. "బాగుంది. కింది సగం ఏదయ్యా?"

"అక్కడంతా చీకటండీ. ఏమీ పడలేదు."

మాస్టారు తల ఎత్తి అతని వంక చూశారు. రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి చూడటం అదే మొదలు. "మంచి ఫొటోగ్రాఫరువి" అన్నారు. ఫ్రేము పక్కన పెట్టి, "ఆదివారాలు నీకు డెయిరీ సెలవేనా?" అని అడిగారు.

"సెలవేనండీ."

"కొత్తగా ఓ బ్యాంకు గుమాస్తా చేరాడు. యాభై రెండేళ్ళు. ఎవరైనా చూస్తే చెమటలు పట్టేస్తాయట. నాకేమో మోకాలు నొప్పి, గంటసేపు కాలు ఎత్తిపట్టి..." అని నాలిక కరుచుకుని దగ్గారు. "అదే, ముడుచుకుని పడుకోలేకపోతున్నాను. నీకు నిద్ర బాగా పడుతుందా?"

"ఇంజను చప్పుడు వినబడితే చాలండీ" అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఆదివారం ఎనిమిదింటికి గుమాస్తా స్టీరింగు పట్టుకున్నాడు. వెనక బెంచీ మీద మాస్టారు. పక్క సీట్లో ఫొటోగ్రాఫరు శాలువా పాదాల దాకా కప్పుకుని, చెప్పు విప్పి, "ఇక పోనీ" అని కళ్ళు మూసి గురక అందుకున్నాడు. లారీ వీధి చివరికి చేరకముందే గుమాస్తా బిక్కమొహంతో వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, ఈయనకి ఊపిరాడటం లేదేమో! ఆసుపత్రికి పోనిద్దామా?"

"నిద్రేనయ్యా" అన్నారు మాస్టారు. "పనికి కొత్త. అలవాటు పడితే బాగానే నిద్రపోతాడు. నువ్వు రోడ్డు చూసుకో."