పొదగడం మాననన్న ఎర్రపెట్ట

నిన్న ఆదివారం మా ఎర్రపెట్ట ముందు నా మాస్టరీ అంతా ఏమైపోయిందో వినండి! నేనింకా ఆశ్చర్యం నుంచి తేరుకోలేదు.

ఈ హిందీ మాటల దీవిలో, మా ఆస్టినాబాద్ ఇంట్లో పుంజు లేదు. గుడ్లు పిల్లలయ్యే ఆశే లేదు. ఆ సంగతి పెట్టకు ఎవరు చెప్పాలి? వరండా మూల పొదగడానికి కూర్చుంది. మేత ముట్టదు. ఎత్తి చూస్తే దూదిలా తేలిపోతోంది. "ఏవండీ, ఇలాగే ఉంటే ఇది మనకు దక్కదండీ" అని మా ఆవిడ లక్ష్మి కళ్లనీళ్లు పెట్టుకుంది.

గుడ్లు తీసేశాను. ఖాళీ గోనెసంచి మీద కూర్చుంది. సంచీ లాగేశాను. ఉత్త సిమెంటు మీద కూర్చుంది! పక్కింటి నూకాలు దీదీ చేపల బుట్ట దించుకుంటూ, "థండా పానీలో ఓపాలి ముంచండి మాస్టర్‌జీ, పొట్ట సల్లబడితే అదే లేచిపోద్ది" అంది. ముంచాను. నేను చేతులు తుడుచుకునేలోపే తడి ఈకలతో మళ్లీ అక్కడే! ఆ చోట ఇటుక పెట్టాను. ఏం చేసిందనుకున్నారు? ఇటుకను పొదుగుతోందండీ!

ఇక లాభం లేదని ఇటుక తీసేసి, ఆ మూల నేనే బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. పెట్ట నన్ను ఎగాదిగా చూసింది. చక్కా నా ఒళ్లోకెక్కి, ఈకలు పొంగించి సెటిలైపోయింది! ఆ తడి ఈకల కింద నుంచి కూడా వెచ్చగా తగులుతోంది. ఇంత చిన్న ఒంట్లో అంత నమ్మకమా! కదలడానికే మనసు రాలేదు.

"బాప్‌రే! మీరూ కూకున్నారేటి మాస్టర్‌జీ? పిల్లలెప్పుడొస్తాయేటి?" గోడ మీంచి నూకాలు దీదీ.

లక్ష్మి ఎదురుగా నూకలు చల్లింది. పెట్ట తల తిప్పలేదు. ఇక నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా. నెమ్మదిగా కథ మొదలుపెట్టాను.

"అనగనగా సముద్రపు ఒడ్డున, శంఖంలో కాపురముండే ఒక పీత. ఒంటికి ఇరుకైపోయినా తన పాత శంఖాన్ని వదలనంటే వదలనంది. కాబట్టి ఈ కథలోని నీతి ఏమిటంటే..."

అన్నానో లేదో, పెట్ట లేచింది! ఈకలు దులుపుకుని, నా మోకాలి మీంచి దూకి, గబగబా నూకలన్నీ తినేసింది. కడుపారా నీళ్లూ తాగింది.

"అమ్మయ్య! ఏవండీ, రోజూ దీనికో నీతి చెప్పండి, బతికిపోతుంది" అంది లక్ష్మి.

చన్నీళ్లకు జడవని పెట్ట, ఇటుకను లెక్కచేయని పెట్ట, నా నీతి సగంలో ఉండగానే పారిపోయింది. మరి అవే నీతులు రోజూ వింటూ బెంచీ దిగకుండా కూర్చుంటున్నారే మా క్లాసు పిల్లలు... వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలండీ!