నేను పురుగుమందు తాగలేదు

ఆ రోజు ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసింది లెక్క దగ్గరే. తోటలో మందు కొట్టేటప్పుడు చెట్లు లెక్కపెట్టుకోవడం నా అలవాటు. ఇరవై తొమ్మిది అనుకున్నాను. తర్వాతి చెట్టు దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఇరవై తొమ్మిదే అనుకున్నాను. ఆ తర్వాత ఏ అంకె అనాలో తోచలేదు. నేను చదివింది ఎనిమిదో తరగతే అయినా, పూత చూసి ఏ చెట్టు ఎన్ని బుట్టలు దిగుతుందో చెప్పగలను. అలాంటివాడికి ముప్పై గుర్తు రాలేదు.

అది మండలాలు కొత్తగా వచ్చిన ఏడాది. నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారి పక్కన అరవై రెండు చెట్ల మామిడి తోట కౌలుకు తీసుకున్నాను. పూత మీద తేనెమంచు పురుగు పడింది. గొట్టం పట్టే మనిషి రాలేదు. స్ప్రేయర్ తొక్కడానికి ఇద్దరు కూలీలు ఉన్నారు కాబట్టి, వెదురు గడకు కట్టిన గొట్టం నేనే పట్టుకున్నాను. అందరిలాగే తువ్వాలు తడిపి ముక్కుకీ నోటికీ చుట్టుకున్నాను. ఉదయం ఏడున్నరకి మొదలుపెట్టాను. పదకొండు గంటలకి కళ్ళ ముందు మసక కమ్మింది. నోట్లో నీళ్ళు ఊరి చొంగ కారింది. చొక్కా పిండితే కారేంత చెమట. వాంతి చేసుకుని చెట్టు మొదట్లో కూలబడటం వరకే నాకు తెలుసు.

మిగతాది నా బావమరిది సాంబయ్య చెప్పాడు. నూజివీడులో ఒక డాక్టరు గారు విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్ ఒకటి ఇచ్చి, ఆలస్యం చేయకుండా బెజవాడ తీసుకుపొమ్మన్నారట. టాక్సీలో అక్కడ ఒక ఆసుపత్రికి చేర్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. "ప్యూపిల్స్ పిన్‌పాయింట్" అని, అంటే కంటిపాపలు సూదిమొనంత అయ్యాయని, డ్యూటీ డాక్టరు అరవడం, ముక్కులోంచి ట్యూబు వేసి స్టమక్ వాష్ చేయడం అతను చూశాడు.

రెండు రోజులు నాకు మతి లేదు. అట్రోపిన్ ఎక్కువైతే అలా ఉంటుందట. లేచి పరిగెత్తబోతున్నానని చేతులు మంచానికి కట్టేశారు. చూడటానికి వచ్చిన మా ఊరివాళ్ళు ఆ కట్లు చూసి వెళ్ళి, నేను మళ్ళీ ఏదైనా చేసుకుంటానని కట్టేశారని ఊళ్ళో చెప్పారు. మూడో రోజు తెలివి వచ్చింది కానీ, తలగడ మీదనుంచి తల లేవలేదు. ఊపిరి పైపైనే ఆడింది. "మెడ కండరాలు వీక్ అయ్యాయి. ఛాతీ కూడా వీకైతే మిషన్ పెట్టాలి. మన దగ్గర ఉన్నది ఒక్కటే" అన్నారు పెద్ద డాక్టరు గారు. నా భార్య కోటేశ్వరమ్మ ఆ రాత్రంతా నా ఛాతీ మీద చెయ్యి తీయలేదు. మిషన్ అవసరం పడలేదు. ఏడో రోజుకి తల ఎత్తగలిగాను.

తొమ్మిదో రోజు హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. నా మీద ఆత్మహత్యాయత్నం కేసు ఉందన్నాడు.

"మందు కొడుతుంటే పడిపోయాను" అన్నాను.

"కేస్ షీటులో పురుగుమందు తాగినట్టు రాసుందండీ. కింద మీ మనిషి సంతకం ఉంది. ఎందుకొచ్చిన గొడవ? ఒప్పేసుకుంటే జడ్జి గారు మందలించి వదిలేస్తారు."

"చేయని పనికి మందలింపు కూడా తీసుకోను."

"ఇంకోసారి ఆలోచించుకోండి" అని వెళ్ళిపోయాడు.

ఆలోచించాను. ఆ ఒక్క వాక్యం నిలబడితే నేను నేరస్థుణ్ణి. నాకున్న ప్రమాద బీమా చెల్లదు. అప్పులకి తాళలేక చావబోయాడని పేరుపడినవాడికి మరుసటేడు తోట ఎవరిస్తారు? ఇవన్నీ కాక, నేను చావాలనుకున్నానని నా పిల్లలు బతికినంతకాలం అనుకుంటారు. నాకు అన్నిటికంటే కోపం వచ్చింది దానికే.

సాంబయ్యని పిలిచి ఏం చెప్పావని అడిగాను. ఆసుపత్రి వరండాలో బారెడు వరస ఉందట. పక్కన ఎవరో పెద్దమనిషి, మందు కొడుతుంటే పడ్డాడంటే ఏదో కళ్ళు తిరిగాయని కూర్చోబెడతారు, తాగాడని చెప్పు, వెంటనే లోపలికి తీసుకుంటారు అన్నాడట. ఇతను అలాగే చెప్పాడు. వాళ్ళు పరుగున తీసుకెళ్ళారు. ఇంగ్లీషు కాగితం చూపిస్తే సంతకం పెట్టేశాడు.

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆ అబద్ధంతో నాకు పది నిమిషాలు కలిసొచ్చి ఉంటాయి. ఆ పది నిమిషాలు లేకపోతే ఏమయ్యేదో లెక్కకట్టడానికి నా దగ్గర అంకెలు లేవు.

"ఇప్పుడు నిజం చెప్పాలి నువ్వు. డాక్టరు గారికీ, స్టేషన్లోనూ" అన్నాను.

"అబద్ధం చెప్పానని నన్ను లోపలేస్తారేమో బావా."

"వేస్తే నేనొచ్చి బయట కూర్చుంటా."

"నీకు తలే నిలబడట్లేదు, నువ్వేం కూర్చుంటావు" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాడు.

మర్నాడు రౌండ్స్‌లో పెద్ద డాక్టరు గారి ముందు చెప్పాడు. ఆయన విసుక్కున్నారు. స్టమక్ వాష్‌లో ఏం వచ్చిందో ఒక్కసారి చూడమని నేను అడిగాను. నర్సు పేజీ తిప్పి, నీళ్ళు తేటగా వచ్చాయి, వాసన లేదు అని చదివింది. డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ముఖానికి ఏం కట్టుకున్నారు?"

"తడి తువ్వాలండీ."

"ఎన్ని గంటలు?"

"మూడున్నర."

"పైనుంచి రాలిన తుంపర అంతా తువ్వాల్లో పోగుచేసి, ముక్కు దగ్గర పెట్టుకుని మూడున్నర గంటలు పీల్చారన్నమాట."

తువ్వాలు లేకుండా గొట్టం పట్టవద్దని ఆరేళ్ళుగా కూలీలకి చెబుతున్నది నేనే. తలనొప్పి అన్నవాళ్ళని మజ్జిగ తాగి పడుకోమన్నదీ నేనే. మంచం మీద పడుకుని గుర్తు చేసుకుంటే అలాంటివాళ్ళు పదకొండు మంది తేలారు. వాళ్ళలో ఎవరికి ఏమైనా జరిగి ఉంటే, ఆ పూచీ నాది. ఒక్కరికీ బీమా లేదు.

మొదటి వాక్యం కొట్టేయమని డాక్టరు గారిని అడిగాను. "కొట్టేస్తే దిద్దారంటారు. కింద రాస్తాను, డేటు వేసి" అన్నారు. మందు కొడుతుండగా ఒంటికి పట్టి, పీల్చి అస్వస్థుడయ్యాడని రాసి సంతకం చేశారు. సాంబయ్య, కూలీలిద్దరూ స్టేషన్లో వాంగ్మూలం ఇచ్చారు. ఎవరినీ లోపల వేయలేదు. కేసు మూసేశారు.

పదిహేడో రోజు ఇంటికి వచ్చాను. రెండు నెలలకి బీమా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మీరు స్వయంగా చేసుకున్న హాని కనుక క్లెయిమ్ ఇవ్వలేం అని. మొదటి వాక్యం చూశారు, కింది వాక్యం చూడలేదు. డాక్టరు గారు రాసిన పేజీకి నకలు జతచేసి, తోటకి మనిషిని పంపమని రిజిస్టరు పోస్టులో రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మూడో ఉత్తరానికి ఒక ఆఫీసరు వచ్చాడు.

మందు డబ్బా తోటలోని పాకలోనే ఉంది. భయంతో ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఉదయం కూలీల ముందే మూత తీసిన లీటరు డబ్బా అది. డ్రమ్ముకి నూట యాభై మిల్లీలీటర్ల చొప్పున నాలుగు డ్రమ్ములు కలిపాం. ఆరు వందలు పోతే నాలుగు వందలు మిగలాలి. చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని ఆయన ముందే కొలిచాను.

"మూడు వందల తొంభైయే ఉందండీ. పది తక్కువ" అన్నాడు.

"నాలుగుసార్లు కొలిచిన గ్లాసుకి అంటుకున్నదెక్కడికి పోతుందండీ?"

ఆయన గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు. అడుగున జిడ్డు కట్టి ఉంది. అదీ రాసుకున్నాడు. ఇంకో నాలుగు నెలలకి క్లెయిమ్ వచ్చింది. ఎంత వచ్చిందన్నది ఇక్కడ అనవసరం. దానితోపాటు వచ్చిన కాగితం మీద 'ప్రమాదం' అన్న మాట ఉంది. నా పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి అది చదివించాను.

ఇప్పటికీ తెల్లవారుజామున కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. తోట మాత్రం వదల్లేదు, ఇప్పుడు రెండు తోటలు చేస్తున్నాను. నా తోటలో గాలికి ఎదురుగా నిలబడి ఎవరూ మందు కొట్టరు. తడి తువ్వాలు కట్టనివ్వను. డ్రమ్ము డ్రమ్ముకీ మనిషి మారాలి, సబ్బుతో కడుక్కుని చొక్కా మార్చుకోవాలి. పనిలోకి వచ్చే ప్రతివాడికీ పాలసీ తీసుకున్నాకే గొట్టం ఇస్తాను. నాకు భయం పట్టుకుందని పక్క తోటలవాళ్ళు నవ్వుతారు. నవ్వేవాళ్ళలో ఇద్దరు ఈ ఏడు పాలసీ ఫారం ఎలా నింపాలో నన్నే అడిగారు.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మనిషిని ఆసుపత్రికి మోసుకెళ్ళిన రోజు వైద్యం మొదలుపెట్టనివ్వండి, దానికి అడ్డుపడకండి. కానీ అదే రోజు, మీరు సంతకం పెట్టే ముందు, ఏం జరిగిందని రాశారో తెలుగులో చదివి చెప్పమని అడగండి. జరిగింది కాకపోతే, జరిగింది రాయించండి. వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.