మూడు లెక్కపెట్టేదాకా

మా ఆయన పంతొమ్మిదేళ్ళు సైన్యంలో పనిచేశాడు. అందులో పన్నెండేళ్ళు రెజిమెంటు తరఫున బాక్సింగ్ ఆడాడు. ఆ పన్నెండేళ్ళలో ఒక్క ఆట కూడా నేను చూడలేదు. భయం. కంటోన్మెంటు క్వార్టర్లో పొయ్యి దగ్గర నిలబడి ఫోన్ కోసం ఎదురుచూడటమే నా వంతు. ఫోన్ చేసి "పప్పులో మావిడికాయ యేసినావేటే?" అంటే గెలిచినట్టు. "వొండుకు తినేసి తొంగో" అంటే ఓడినట్టు. ఓడినవి కూడా బాగానే ఉన్నాయి. కానీ గెలిచినా ఓడినా నిలబడే ఉన్నాడట, వీపు ఎప్పుడూ రింగు నేలకి ఆనలేదట. ఈ సంగతి ఆయన తనంతట తాను చెప్పుకునేవాడు కాదు. ఎవరైనా చెబుతుంటే మాత్రం అక్కణ్ణించి లేచి వెళ్ళేవాడూ కాదు.

రిటైరయ్యాక విజయనగరం వెళ్ళిపోదామని నేనన్నాను. ఆయన వినలేదు. జనక్‌పురిలో రెండో అంతస్తులో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఆయన ఒక అపార్ట్‌మెంటు సొసైటీకి సెక్యూరిటీ సూపర్‌వైజరు. నేను దగ్గర్లోని పళ్ళ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. మనిషి నోట్లో పన్ను ఎంత విలువైనదో అక్కడ చేరాకే తెలిసింది. బాక్సింగ్ ఆడిన మనిషి నోట్లో అన్నీ మిగిలినందుకు ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాను.

పొద్దున్నే డ్యూటీకి ముందు మా కాలనీ పార్కులో ఆడపిల్లలకి బాక్సింగ్ నేర్పేవాడు. పదకొండు మంది. ప్లంబరు కూతురు ఒకతి, ఇస్త్రీ బండి ఆవిడ కూతుళ్ళు ఇద్దరు, మిగతావాళ్ళూ అలాంటి ఇళ్ళవాళ్ళే. కాలనీవాళ్ళు గడ్డి పాడవుతోందన్నారు. నడకకి వచ్చే పెద్దవాళ్ళకి ఆ చప్పుడు ఇబ్బందన్నారు. ఒకరోజు గేటుకి తాళం పడింది. తరువాత నెల రోజులు మురుగుకాలువ పక్కన సిమెంటు పలకల మీద నేర్పాడు. ఒకమ్మాయి జారిపడి మణికట్టు బెణికింది. ఇద్దరు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. ఆయన అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండేవాడు. నాకు ఒళ్ళు మండేది, కాలనీవాళ్ళ మీదో ఆయన మీదో తెలిసేది కాదు.

అప్పుడే ఉత్తమ్‌నగర్ వైపు జిమ్ నడిపే ఒకాయన కబురుపెట్టాడు. జిమ్ పైన హాలు ఖాళీగా ఉంది. ఆయన టీవీలో వచ్చే తరహా రెజ్లింగ్ ప్రదర్శనలు కూడా పెడుతుంటాడు. అసలు సిసలు ఫౌజీ బాక్సరుకీ తన పహిల్వానుకీ పోటీ అని ఒక ఆట పెట్టాలని ఆయన కోరిక. మా ఆయన ఆ ఒక్క ఆట ఆడితే హాలు రోజూ పొద్దున్న పిల్లలకి ఇస్తానన్నాడు. ఆఖర్న మాత్రం పహిల్వానే గెలవాలి.

నేను చపాతీలు ఒత్తుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"తొంగోవాలట."

"ఎక్కడ?"

"రింగులో. ఆడు నా మీద పడి నొక్కుతాడట. రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా లెగకూడదట."

"మూడేనా? ఆదివారం మజ్జాన్నం మీరు మూడు గంటలు తొంగుంటారు కదండీ!"

ఆయన నవ్వలేదు. పిండి చేతుల్తో అలాగే నిలబడిపోయాను. ఆ వీపు సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది.

గుర్తొచ్చినా నేను వెనక్కి తగ్గలేదు. నాకు హాలు కావాలి. ఆ మనిషిని మురుగుకాలువ పక్కన చూడటం నా వల్ల కాలేదు. "నాటకవే కదండీ, నాటకంలో చచ్చినోళ్ళు నిజంగా చచ్చిపోతారేటి?" అన్నాను. ఆయన మర్నాటికి సరే అన్నాడు.

ఆ హాల్లోనే రెండు సాయంత్రాలు రిహార్సల్ జరిగింది. టిఫిన్ బాక్సులో పులిహోర పట్టుకుని నేనూ వెళ్ళాను. పహిల్వాను హర్యానా మనిషి, తలుపు నిండా ఉన్నాడు. పోస్టర్లో పళ్ళు కొరుకుతూ ఉంటాడు గానీ, మనిషి చూస్తే వెన్నముద్ద. నన్ను భాభీజీ అనీ, మా ఆయన్ని ఉస్తాద్ అనీ పిలిచాడు. పులిహోర రెండుసార్లు అడిగి వేయించుకుని, ఆట నేర్పాడు. గుద్దు ముఖం మీదికి వచ్చి ఆగాలి, అదే సమయంలో కాలితో నేలని గట్టిగా తన్నాలి, చప్పుడు వస్తుంది, తను పడతాడు. పడగానే ఉస్తాద్ వచ్చి తన మీద పడాలి. రెండు లెక్కపెట్టగానే తను విదిలించుకుని లేస్తాడు. చివర్న ఉస్తాద్‌ని ఎత్తి పడేస్తాడు. "నా బరువు నేనే మోస్తాను ఉస్తాద్, మీకు నొప్పి తెలియదు" అని హిందీలో ఎంతో మర్యాదగా చెప్పాడు. మా ఆయన బుద్ధిగా నేర్చుకున్నాడు. అన్నీ సరిగ్గానే చేశాడు. ఒక్కటే, అక్కడ గంట లేదు. దాని సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆట ఉత్తుత్తిదని పిల్లలకి ముందే చెప్పాలా వద్దా అని ఇద్దరం వాదించుకున్నాం. నువ్వు చెప్పు అంటే మీరు చెప్పండి అనుకుని, చివరికి ఎవరం చెప్పలేదు. ఆదివారం మధ్యాహ్నం ఘాజియాబాద్ వెళ్ళే మెట్రోలో పదకొండు మందీ మా పెట్టెలోనే ఎక్కారు. పంపడం మానేసిన తల్లులు కూడా ఆ రోజు పంపారు. ప్లంబరు కూతురు అట్టముక్క మీద రంగులతో 'హమారే సర్ అస్లీ హైఁ' అని రాసుకొచ్చింది. మా సారు అసలైనవాడు అని. అది చూసి మా ఆయన కిటికీ వైపు తిరిగాడు.

ఆట పెట్టింది అక్కడి ఒక పెళ్ళిళ్ళ హాల్లో. ముందురోజు పెళ్ళి తాలూకు ప్లాస్టిక్ బంతిపూలు స్తంభాలకి అలాగే ఉన్నాయి. మైకు పట్టుకున్నవాడు "ఈరోజు నాటకం లేదు, నిజమైన ఫైటర్ వచ్చాడు" అని అరిచాడు. జనం ఈలలు వేశారు. నేను రెండో వరసలో పిల్లల మధ్య కూర్చున్నాను. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి మా ఆయన ఆట మొదటిసారి చూస్తున్నాను, అదీ ఉత్తుత్తి ఆట.

గంట కొట్టారు. ఆయన గడ్డం గుండెకి దిగింది. భుజాలు ముడుచుకున్నాయి. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. రోజూ నాతో ఉల్లిపాయల దగ్గర తగువు పడే మనిషి కాదు.

పహిల్వాను గర్జించి మీదికి వచ్చాడు. మా ఆయన గుద్దు విసిరాడు. ఎక్కడ నిజంగా తగులుతుందో అన్న భయంతో అది జానెడు దూరంలోనే ఆగింది. కాలు తన్నడం మరిచిపోయాడు. చప్పుడు లేకుండానే పహిల్వాను తల వెనక్కి విరిగింది. హాలంతా నవ్వులు. "అరే, లగా హీ నహీఁ!" అని ఎవరో అరిచారు. తగల్లేదు కదా మరి. రెండో గుద్దూ అంతే. మూడో దానికి పహిల్వాను దబ్బున పడ్డాడు.

ఇప్పుడు ఆయన వెళ్ళి మీద పడాలి. పడలేదు. గిరుక్కున తిరిగి, ఎవరూ లేని మూలకి నడిచి వెళ్ళి, తాళ్ళ మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

నాకేం అర్థం కాలేదు. అలిగాడా? కళ్ళు తిరిగాయా? ప్లంబరు కూతురు నా మోచెయ్యి పట్టుకుని, "న్యూట్రల్ కార్నర్, ఆంటీ! సర్ సహీ కర్ రహే హైఁ" అంది. సారు సరిగ్గానే చేస్తున్నారట. బాక్సింగ్‌లో ఎదుటివాడు పడితే ఖాళీ మూలకి వెళ్ళి ఆగాలట, పడినవాడి జోలికి పోకూడదట. పిల్లలందరికీ తెలుసు. అంత హాల్లో ఆ పదకొండు మందే చప్పట్లు కొట్టారు. పహిల్వాను పడుకునే ఒక కన్ను తెరిచి మా ఆయన కోసం చూశాడు. రిఫరీ ఏం చేయాలో తెలియక లెక్క మొదలుపెట్టాడు. నాలుగు, అయిదు అనేసరికి పాపం ఆ పహిల్వాను తనే లేచి కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ అంతే జరిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈయనది గంటతో వచ్చిన బుద్ధి.

జనం చిరాకుపడ్డారు. నా వెనక కూర్చున్నవాడు పక్కవాడితో, "పహిల్వాన్ తో అస్లీ హై. యే బాక్సర్ నక్లీ హై, కోయీ యాక్టర్ పకడ్ లాయే" అన్నాడు. పహిల్వాను అసలువాడట, మా ఆయన నకిలీ అట, ఎవరో నటుణ్ణి పట్టుకొచ్చారట! నేను గబుక్కున వెనక్కి తిరిగాను. మా ఆయన నిజం బాక్సరు అని చెప్పాలంటే ఆట అబద్ధం అని చెప్పాలి. ఆట నిజమంటే మా ఆయన అబద్ధం అవుతాడు. మళ్ళీ ముందుకు తిరిగి కూర్చున్నాను.

అప్పుడు పహిల్వాను ఆయన్ని ఎత్తి పడేశాడు. పన్నెండేళ్ళ ఆటలో నేలకి ఆనని వీపు ఆనింది. పహిల్వాను మీద పడ్డాడు. ఒకటి. రెండు. మా ఆయన అంత మనిషినీ తోసేసి లేచి నిలబడ్డాడు. లెక్క వినిపిస్తే లేవడమే ఆయనకి తెలుసు. జనం మొదటిసారి కేకలు వేశారు. పహిల్వాను ముఖంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. మళ్ళీ ఎత్తి పడేశాడు. ఒకటి, రెండు, మళ్ళీ లేచాడు. ఆ తోపుకి పహిల్వాను మోచెయ్యి ఇనపస్తంభానికి కొట్టుకుని చర్మం చీరుకుపోయింది. ఆ ఆట మొత్తంలో నిజంగా దెబ్బ తగిలింది ఆ వెన్నముద్దకే.

రింగు పక్కన నిలబడిన జిమ్ ఆయన చేతులు కట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపుతో హాలు పోయిందనుకున్నాను.

మా ఆయన రింగు మధ్యలో నిలబడి కుర్చీల్లో వెతుకుతున్నాడు. నా కోసమే. శరీరం మాట వినట్లేదో, మనసే ఒప్పుకోవట్లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన కళ్ళు నా మీద ఆగాయి. నేను కుడిచెయ్యి ఎత్తి, అరచెయ్యి కిందికి పెట్టి, మెల్లగా దించాను. పడుకోండి అని.

పహిల్వాను మూడోసారి ఎత్తాడు. ఒకటి. రెండు. ఆయన కాలి వేళ్ళు కదిలాయి. మోకాలు సగం లేచి ఆగింది. మూడు.

జనం సణుక్కుంటూ లేచారు. "బేకార్" అన్నారు. అంతకన్నా టీవీ నయమన్నారు. ప్లంబరు కూతురు అట్టముక్కని చుట్ట చుట్టి, "ఆంటీ, సర్ ఉఠే క్యోఁ నహీఁ?" అని అడిగింది. ఎందుకు లేవలేదని. "చోట్ లగీ థీ" అని అబద్ధం చెప్పాను. దెబ్బ తగిలిందన్నాను కదా, తిరుగు మెట్రోలో పిల్లలు ఆయన్ని సీట్లో కూర్చోబెట్టి, తల వెనక వాపు కోసం వేళ్ళతో వెతికారు. ఒకతి చల్లటి నీళ్ళ సీసా పెట్టి అదిమింది. ఆయన కాదనలేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చి బూట్లు విప్పుతూ అడిగాడు.

"సెయ్యి నువ్వే దించినావా, నాకలగ కనిపించిందా?"

"నేనేనండి."

"ఊఁ" అన్నాడు. బూట్లు గోడవారకి తోసి, "వొండుకు తినేసి తొంగో" అన్నాడు.

జిమ్ ఆయన మాట తప్పలేదు. ఆట ఎలా పోయినా పహిల్వానే గెలిచాడు కదా. తరువాతి సోమవారం తాళంచెవి ఇచ్చాడు. మొదటిరోజు ఆయనకి టిఫిన్ అందించి క్లినిక్‌కి పోదామని నేనూ వెళ్ళాను. కింద మెత్తటి చాపలు, గోడ పొడుగునా అద్దం. మణికట్టు బెణికిన పిల్ల కూడా వచ్చింది. ఇదంతా నా చెయ్యి తెచ్చిందే అని గర్వపడబోయాను గానీ గర్వం రాలేదు.

ఆ రోజు పాఠం, పడితే లేవడం. ఆయనే చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. పది లోపల లేవాలి, తొందరపడకుండా ఊపిరి తీసుకుని ఎనిమిదికి లేవాలి అని చెప్పి, లెక్కపెట్టమన్నాడు. పిల్లలు గొంతెత్తి లెక్కపెట్టారు. ఒకటి, రెండు, మూడు. మూడు దగ్గర ఒకరిద్దరి గొంతులు తడబడ్డాయి. ఆరు. ఏడు. ఆయన తల పక్కకి తిప్పి, గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. ఎనిమిది. లేవలేదు.

నన్ను ఆటపట్టిస్తున్నాడా? దెప్పుతున్నాడా? నిజంగానే అడుగుతున్నాడా? నా కుడిచేతిలో టిఫిన్ క్యారియర్ ఉంది. ఆ చెయ్యి ఎత్తడానికి నాకు భయం వేసింది.

"లెగండి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తొమ్మిదికి లేచాడు. పిల్లలు నవ్వుతూ చప్పట్లు కొట్టారు. ఆయన ప్యాంటు దులుపుకుని, నా వైపు చూడకుండా, వాళ్ళకి హిందీలో చెప్పాడు. నేను ఆలస్యం చేశాను, మీరు అలా చేయకండి, ఎనిమిది వినగానే లేవండి, లెమ్మని ఎవరో చెప్పేదాకా ఆగకండి అన్నాడు.

నేను క్యారియర్ గుమ్మం పక్కన పెట్టి మెట్లు దిగాను. పైన మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలైంది. ఎనిమిది వినిపించేదాకా మెట్ల మీదే నిలబడి, ఆ తరువాత క్లినిక్‌కి వెళ్ళాను.