సగం గిన్నె చాయ్

ఆ రోజుల్లో మర్యాదకు నాకు తెలిసిన కొలత ఒక్కటే: గిలాస అంచుదాకా చాయ్. మా నారాయణఖేడ్ దిక్కు ఇంటికొచ్చిన మనిషికి చాయ్ ఇస్తే, అది చేతికి అందేలోపు నాలుగు చుక్కలు కింద ఒలకాలి. ఒలకలేదంటే పోసినవాళ్లకు మనసు లేదని లెక్క. మా అమ్మ ఒకసారి బోరంచ పోచమ్మకు మొక్కు చెల్లించి, వచ్చేదారిలో ఒక చుట్టాలింట్లో సగం గిలాస చాయ్ తాగి వచ్చింది. "గంత ఎండల పోతే గింత చాయ్ పోసింది, నేనేమన్న పిల్లినా?" అని ఇప్పటికీ అంటుంది. (ఆ చుట్టం కాలం చేసి కూడా చాలా ఏళ్లయింది. ఆ సగం గిలాస మాత్రం మా ఇంట్లో బతికే ఉంది.) అలాంటి అమ్మకు పుట్టినవాణ్ణి, డాక్టరు చదువు కోసం కిర్గిజ్ దేశం పోయాను.

రెండో ఏడు చలికాలం సెలవుల్లో మా హాస్టల్ నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలాయి. మరమ్మతులకు మూడు వారాలు మూసేస్తున్నాం, ఎవరి దారి వాళ్లు చూసుకోండి అన్నారు. మనవాళ్లంతా విమానాలెక్కి ఇళ్లకు పోయారు. నాకు పోయే వీల్లేదు. రెండు పరీక్షలు తప్పి ఉన్నాను, సెలవులవగానే మళ్లీ రాయాలి. (తప్పిన సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి చెబుతున్నాను, మా అమ్మకు చదవడం రాదు కాబట్టి.) బయటేమో ఎముకలు కొరికే చలి. అప్పుడు ఆదుకున్నవాడు మా క్లాసులోని స్థానిక పిల్లవాడు. తెల్లటి ఉన్ని టోపీ క్లాసులో కూడా తీయడు కనుక వాడికి మేం పెట్టిన పేరు టోపీ. "మా నానమ్మ ఇంట్ల ఉండురా. కని ఆమె ఒప్పుకోవాలె. ఆదివారం పగటీలి తిండికి రా, నిన్ను చూస్తది" అన్నాడు. (వాళ్ల మాటలు మా ఖేడ్ మాటల్లోనే రాస్తున్నాను. మేం మాట్లాడుకున్నది సగం రష్యన్, సగం ఇంగ్లిష్, తక్కువపడితే చేతులు; నా బుర్రలోకి మాత్రం అన్నీ ఇట్లాగే దిగేవి.) పెళ్లిచూపులకు పోయినట్టు తలకు నూనె రాసుకుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని, మా అమ్మ పంపిన కడక్ రొట్టెలు, అవే ఎండబెట్టిన జొన్నరొట్టెలు, కాగితంలో చుట్టుకుని బయలుదేరాను.

గుమ్మంలోనే ఒక ఆశ్చర్యం. టోపీ వాళ్ల నానమ్మను "ఆపా" అని పిలిచాడు. మా ఖేడ్‌లో ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఆపా అంటే అక్క. డెబ్బై దాటిన ముసలమ్మకు అక్క అనిపించుకోవాలని ఉంది కాబోలు, మనకెందుకని నేను కూడా "నమస్తే ఆపా" అని వంగి దండం పెట్టాను. ఆమె ముఖం విప్పారింది. (అక్కడ ఆపా అంటే అమ్మ అనీ, పెద్ద ముసలమ్మనైనా అట్లాగే పిలుస్తారనీ నాకు నెల తర్వాత తెలిసింది.) నా రొట్టెల పొట్లం రెండు చేతులతో అందుకుని, నుదుటికి తాకించుకుని, ఒక ముక్క విరిచి కరకరా నమిలింది. "నా పండ్లకంటె గట్టిగున్నది" అందట. లోపల నేల మీద పరుపులు, మధ్యలో గుడ్డ పరిచి దాని మీద తిండి. యాట కూర, సన్నటి సేమ్యా లాంటిది, పైన ఉల్లిగడ్డ. అందరూ చేత్తోనే తింటున్నారు! ఈ సంగతి ముందే తెలిస్తే ఏడాదిన్నర ఫోర్కుతో కుస్తీ ఎందుకు పట్టేవాణ్ణి? కడుపారా తిన్నాను. ఇక గది ఖాయం అనుకున్నాను.

అప్పుడొచ్చింది చాయ్. చెవి లేని పింగాణి గిన్నెలో, సగానికి తక్కువ. నాకు చురుక్కుమంది. ఒక్క గుక్కలో తాగి పెట్టాను. ఆపా మళ్లీ పోసింది, మళ్లీ సగమే. కేటిల్ చూస్తే నిండుగా ఉంది, పక్కన పాలూ ఉన్నాయి, నాకు మాత్రం సగం. ఏడుసార్లు పోసింది, ఏడుసార్లూ సగమే. రొట్టెలు నచ్చలేదా? నేనే నచ్చలేదా? చాయ్‌కే ఇంత చెయ్యి రాని మనిషి మూడు వారాలు నాకేం పెడుతుంది? మా అమ్మ యాదికొచ్చింది. చివరికి ఆగలేక టోపీ చెవిలో, "అరేయ్, మీ ఆపాకు చెప్పరా, నాకు నిండ పొయ్యమను" అన్నాను. వాడు బిత్తరపోయాడు. "నిజంగనా?" "నిజంగనే." "తిండి బాగలేదా?" "మస్తుగున్నది. చాయ్ నిండ పొయ్యమను, గంతే." వాడు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. (వాడికి జుట్టు ఉన్నదని అప్పుడే తెలిసింది.) ఆమెతో మెల్లగా ఏదో చెప్పాడు.

ఆపా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత నా గిన్నె అంచుదాకా పోసింది. ఒక చుక్క గుడ్డ మీద ఒలికింది. ఆ చుక్క చూసి నా ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, ఒప్పుకున్నది! గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, మా కంది చేల సంగతీ, మా అమ్మ సంగతీ చెప్పుకుంటూ పావుగంట సేపు తాగాను. అందరూ నా గిన్నె వంకే చూస్తున్నారు. ఆపా లేచిపోయి నా కోటు తెచ్చింది. చలి పెడుతుందని ఎంత ప్రేమ అనుకుని, కోటు వేసుకుని మళ్లీ కూర్చున్నాను. అప్పుడు టోపీ నా రెక్క పట్టి, "లెవ్వురా ఇగ" అని వాకిట్లోకి తీసుకుపోయాడు.

"నన్నెందుకు ఎల్లగొడుతున్నరురా?" అన్నాను మంచులో నిలబడి.

"ఎల్లగొట్టుడేంది? నువ్వే పోతనంటివి గద!"

"నేనెప్పుడన్న?"

"నిండ పొయ్యమంటివి. మా దిక్కు సగం పోస్తే ఇంక కూసోమని. చల్లారకముందే అయిపోవాలె, మళ్ల పొయ్యాలె, మళ్ల ముచ్చట పెట్టాలె. నిండ పోస్తే, తాగి పొమ్మని. పొద్దుగాలసంది నీకు పక్క ఏసి పెట్టిందిరా ఆపా. పిలగానికి మన ఇల్లు నచ్చలేదని లోపట ఏడుస్తుంది."

సిగ్గుతో చచ్చిపోయాను. బూట్లు విప్పి లోపలికి ఉరికాను. ఆపా కేటిల్ ముందు పెట్టుకుని కొంగుతో కాదు, తలకు కట్టిన రుమాలు అంచుతో కళ్లు తుడుచుకుంటోంది. నాకు వాళ్ల మాట రాదు. నా గిన్నె రెండు చేతులా పట్టుకుని ముందు కూర్చుని, గిన్నె లోపల సగం దగ్గర వేలు పెట్టి, అచ్చమైన ఖేడ్ తెలుగులో "ఆపా, గింత" అన్నాను. ఆమె నా వేలి వంక చూసింది, నా ముఖం చూసింది. కడుపు పట్టుకుని నవ్వి, నా వీపు మీద ఒక్కటి చరిచి, సగం పోసింది. చాలనుకుంటే గిన్నె మీద చెయ్యి పెట్టాలని టోపీ చెప్పేసరికి ఇంకో తొమ్మిది తాగాను.

ఆ మూడు వారాలే కాదు, తర్వాత ప్రతి సెలవులూ అక్కడే. పరీక్షలు కూడా గట్టెక్కాను. చదువు ముగించి తిరిగొచ్చే రోజు కారు బయట ఆగి ఉంది. ఆపా సగం పోసింది. తాగాను. మళ్లీ సగం. మళ్లీ సగం. "ఆపా, విమానం పోతది, నిండ పొయ్యి" అని టోపీ మొత్తుకున్నాడు. ఆమెకు ఆ రోజు చెవులు వినిపించలేదు. ఆఖరికి నేనే ఆమె చేతిలోంచి కేటిల్ తీసుకుని, నా గిన్నె నిండా పోసుకున్నాను. ఆమె కిటికీ వైపు తిరిగిపోయింది.

ఇప్పుడు ఖేడ్‌లోనే చిన్న దవాఖాన పెట్టుకున్నాను. అమ్మ నాగల్‌గిద్ద దగ్గర ఊళ్లో తమ్ముడి దగ్గర ఉంటుంది. చేను విడిచి ఒక్క పూట నిలవదు. మొన్న అంగడికి వచ్చి, మూడు గంటల బస్సుకు పోతానంటూ సంచి ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. చాయ్ నేనే పెట్టి, సగం గిలాస ఇచ్చాను. గిలాసలోకి చూసి, "ఏందిరా, నేనేమన్న పిల్లినా? నువ్వు గూడ నేర్చినవా?" అంది. ఆపా సంగతి మొత్తం చెప్పాను, కోటు వేసుకుని మళ్లీ కూర్చున్న మొద్దు సంగతి కూడా. అమ్మ నవ్వలేదు. చాయ్ తాగింది, సంచి తీసి కింద పెట్టింది. బయట బస్సు హారన్ కొడుతోంది. గిలాస నా ముందుకు చాపి, సగం దగ్గర వేలు పెట్టి, "ఇంక గింత పొయ్యి" అంది.