మా సరళ తినని తిండి

చాలా ఏళ్ళుగా ఒక సంగతి నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకుందామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ ఎవరో ఒకరు గదిలోకి వచ్చారు. లేదా వచ్చారని నేనే అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మా ఆడబిడ్డ సరళ మీద నేను అబద్ధం చెప్పాను. ఒక్కసారి చెప్పి ఊరుకున్నా బాగుండేది.

సరళ మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. నేను పెళ్ళయి సౌకార్‌పేటలోని ఆ ఇంటికి వచ్చినప్పుడు సన్నగా, గలగలా మాట్లాడుతూ ఉండేది. మాది ఎండుమిరపకాయల టోకు వ్యాపారం. కింద గోడౌను, పైన కాపురం. మెట్లెక్కేసరికి అందరికీ దగ్గు వచ్చేది, సరళ మాత్రం రెండేసి మెట్లు దూకుతూ వచ్చేసేది. కాలేజీలో చేరిన ఏడు ఒళ్ళు రావడం మొదలైంది. మొదట బుగ్గలు నిండాయి, అందరూ ముద్దుగా ఉందన్నారు. తర్వాత రవికలు పట్టలేదు. ఆ తర్వాత ఎవరూ ముద్దు అనలేదు.

మా అత్తగారు సరళను నాకు అప్పగించారు. “మూడు నెల్లు నీ చేతిలో పెడతా ఉండా. ఎట్టయినా తగ్గించు” అన్నారు. ఆ ఇంట్లో నన్ను నమ్మి ఇచ్చిన మొదటి పని అది. పొంగిపోయాను.

ఎంత పద్ధతిగా చేశానో! పొద్దున నిమ్మకాయ పిండిన వేడినీళ్ళు. మధ్యాహ్నం ఒక గోధుమ రొట్టె, ఉడకబెట్టిన క్యాబేజీ. సాయంత్రం ఉలవల నీళ్ళు. అన్నం లేదు, నెయ్యి లేదు. తెల్లవారుతుండగా మొదటి బస్సులో బీచికి వెళ్ళేవాళ్ళం. సరళ ఇసుకలో నడిచేది. నేను కాసేపు నడిచి గట్టు మీద కూర్చునేదాన్ని. ఇంటికొచ్చాక మిద్దె మీద తాడాట. కాళ్ళు నొప్పులని ఒక్కరోజు మానలేదు. ఆకలని ఒక్కసారి అడగలేదు. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ఆ పిల్ల నేను పెట్టిందే తిన్నది.

ఆదివారం కొట్టు మూసి ఉండేది. మిరపకాయల మూటలు తూచే కాటా మీద సరళను నిలబెట్టి మా ఆయన తూచేవారు. అరవై ఎనిమిది. రెండు వారాల తర్వాత డెబ్భై. నెల తిరిగేసరికి డెబ్భై మూడు. అంకె పైకి చదివినప్పుడు సరళ తల వంచుకునేది. అత్తగారు మాత్రం దాని వైపు చూసేవారు కాదు. నా వైపు చూసేవారు.

“బియ్యం లేదు, నెయ్యి లేదు. మరి ఒళ్ళు యాడ నించి వస్తా ఉంది? గాలి తాగితే వస్తుందా?”

 ఆవిడ నన్నే అనుమానిస్తున్నారనిపించింది. చాటుగా నేనే పెడుతున్నాననో, చూసుకోవడం చేతకాదనో.

చివరికి మా పేట డాక్టరు దగ్గరికి అత్తగారు, సరళ, నేను ముగ్గురం వెళ్ళాం. పెద్దాయన. నేను చెప్పినదంతా ఓపికగా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇంత తక్కువ తింటూ లావు అవుతుంటే ఇంకేదో ఉందమ్మా. గొంతులో ఒక గ్రంథి ఉంటుంది. అది మందగిస్తే ఇట్లాగే అవుతుంది. రక్తం తీసి పరీక్షకు పంపాలి. అయితే ముందు ఒకటి చెప్పండి. పాప చాటుగా ఏమైనా తింటా ఉందా?”

అత్తగారు గిరుక్కున నా వైపు తిరిగారు. “ఏమే, తింటా ఉందా? నువ్వు చూసుకునేది ఇదేనా?”

“తింటోంది. నేను చూశాను” అన్నాను.

అంతటితో ఆగలేదు. రాత్రిళ్ళు లేచి వంటింట్లోకి వెళ్తుందని, డబ్బా మూత తీసి మైసూరుపాకు తింటుందని, రెండు మూడుసార్లు నా కళ్ళారా చూశానని చెప్పాను. డబ్బా మూత చప్పుడు కూడా చెప్పాను. ఆ వివరాలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి? వెతుక్కోకుండానే వచ్చేశాయి. ఇప్పటికీ నాకు భయం వేసేది అందుకే.

డాక్టరు నవ్వి కళ్ళద్దాలు పెట్టుకున్నారు. “అయితే పరీక్ష ఎందుకు? వంటింటికి తాళం వేయండి, చాలు.”

ఎందుకన్నాను? సరళ మీద నాకు కోపమా? లేదు. అసూయా? అది కాలేజీకి వెళ్తుంటే, ఎనిమిదో తరగతితో చదువు మానిన నాకు కాస్త చురుక్కుమనేది, నిజమే. కానీ అదీ కాదు. అత్తగారి చూపు నా మీద నుంచి పక్కకు తప్పుకుంటే చాలనుకున్నాను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు అత్తగారు ముందు రిక్షాలో వెళ్ళారు, వెనక రిక్షాలో నా పక్కన సరళ కూర్చుంది.  తిడుతుందనుకున్నాను.

“వదినా, నిజంగా చూసినావా?”

“చూసినా.”

“అప్పుడు నా కళ్ళు తెరిచి ఉన్నాయా?”

నాకు అర్థం కాలేదు.

“నాకేమీ గుర్తు లేదు వదినా. నిద్దట్లో లేచి తింటా ఉన్నానేమో.”

అబద్ధం చెప్పినందుకు నన్ను అనుమానించాల్సిన పిల్ల, నన్ను నమ్మి తనని తాను అనుమానించుకుంది. వెనక్కి తీసుకోవాలంటే అదే సమయం. రిక్షా ఇంకా మా వీధి మలుపు తిరగలేదు. నేను, “అట్లనే ఉంటుందిలే” అన్నాను.

ఆ సాయంత్రం జడ వేస్తుంటే అడిగింది, పడుకున్నాక తన గదికి బయట గడియ పెట్టమని. పెట్టాను. దాదాపు ఏడాదిన్నర పెట్టాను. పొద్దున తలుపు తీయగానే, “నిన్న లేచినానా వదినా?” అనేది. లేదనేదాన్ని. కాటాలో అంకె పెరిగిన వారం మాత్రం, “ఏమో, ఏదో చప్పుడయింది” అనేదాన్ని. అవును, అది కూడా అన్నాను.

కాలేజీ క్యాంటీనులో తింటుందేమోనని అత్తగారు చదువు మాన్పించారు. సరళ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పే హక్కు తనకు లేదనుకుంది.

మే నెల ఎండల్లో, మేమందరం విసనకర్రలతో ఉంటే, అది శాలువా కప్పుకుని కూర్చునేది. గొంతు బొంగురుపోయింది. మాట నెమ్మదించింది. దువ్వెనకు వెంట్రుకలు గుత్తులుగా వచ్చేవి. ఎవరూ చూడకుండా వాటిని చుట్టి నేనే పారేసేదాన్ని. డాక్టరు చెప్పిన గ్రంథి మాట నాకు మాత్రమే గుర్తుందని కాదు, అత్తగారూ విన్నారు. కానీ సరళ చాటుగా ఏమీ తినడం లేదని తెలిసినది ఆ ఇంట్లో నాకొక్కదానికే. కాబట్టి ఆ పరీక్ష చేయించాలని తెలిసినదీ నాకొక్కదానికే. తెలిసే నోరు మూసుకున్నాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం. ఆలస్యమయ్యేకొద్దీ చెప్పాల్సింది పెద్దదవుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం సరళ మెట్ల మీద కూలబడింది. పిలిస్తే కళ్ళు తెరవలేదు. టాక్సీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ దాని గొంతు తడిమి, చర్మం నొక్కి చూసి, “ఇన్నాళ్ళూ ఒక్క పరీక్ష కూడా చేయించలేదా?” అని గట్టిగా అడిగింది.

“తిండి జాస్తి అన్నారు డాక్టరమ్మా” అన్నారు అత్తగారు, ఏడుస్తూ. నేను పక్క దుప్పటి సర్దుతున్నాను. సర్దినదాన్నే మళ్ళీ సర్దాను.

గొంతులో గ్రంథి మందగించిందని రక్తపరీక్షలో తేలింది. రోజుకో చిన్న మాత్ర. అంతే. ఆరు నెలల్లో సరళ మళ్ళీ సరళలాగే అయింది. చదువు మాత్రం తిరిగి రాలేదు. తనతో చదివినవాళ్ళు అప్పటికే పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. పుస్తకం తెరిచి, “చదివింది నిలబడటం లేదు వదినా” అని మూసేసింది.

జబ్బు బయటపడింది కదా, నా అబద్ధం కూడా బయటపడుతుందని రోజులు లెక్కపెట్టాను. పడలేదు. జబ్బు ఒకటి, నిద్దట్లో తినడం ఒకటి, రెండూ ఉండేవని అందరూ అనుకున్నారు. సరళ కూడా.

ఇప్పుడు మాధవరంలో ఉంటోంది. భర్త మంచివాడు. పన్నెండేళ్ళ కూతురు. పోయిన నెల పండుగకు బట్టలు కొనడానికి టి. నగర్ వచ్చి, అట్నుంచి మా ఇంటికి వచ్చింది. మా కొత్త కోడలికి నన్ను చూపించి, “నాకు నిద్దట్లో తినే జబ్బు ఉండేది. మీ అత్త ఎంత ఓర్చుకునిందో! మా అమ్మకు కూడా అంత ఓపిక లేదు” అంది. నేను కాఫీ తెస్తానని లేచాను. వంటింట్లోకి నా వెనకే వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“వదినా, పాపకు ఒళ్ళు వస్తా ఉంది. నా నిద్దట్లో తినే జబ్బు దానికీ వచ్చిందేమోనని భయంగా ఉంది. నాలుగు రోజులు ఈడ వదిలిపెడతా, రాత్రిళ్ళు లేస్తా ఉందేమో నువ్వే కనిపెట్టి చెప్పు. నువ్వు చెబితే నమ్ముతా.”

స్టవ్వు మీద పాలు పొంగుతున్నాయి. గుడ్డ కోసం వెతికాను.

“ముందు పాపకు గొంతు గ్రంథికి రక్తపరీక్ష చేయించు. తిండి మాట ఎత్తొద్దు” అన్నాను. రేపే తీసుకెళ్తానంది. నా చేతిలోంచి గుడ్డ తీసుకుని పాలగిన్నె దించింది. అక్కడిదాకా వచ్చాను. ఇంకో రెండు మాటలు అనలేకపోయాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ రెండు మాటలు ఇక్కడైనా రాస్తున్నాను. సరళ ఏ రాత్రీ లేవలేదు. నేను ఏమీ చూడలేదు. ఇన్నేళ్ళలో ఇవి నా లోపలి నుంచి బయటికి రావడం ఇదే మొదటిసారి. రాసినవి మళ్ళీ చదువుకున్నాను. కొట్టెయ్యలేదు.