రంపం పూర్తిగా ఆగేదాకా

మా హైస్కూల్లో వడ్రంగం నేర్పిన మాస్టారు పోయారని మొన్న గురువారం పొద్దున అప్పటి క్లాస్‌మేట్ ఒకమ్మాయి మెసేజ్ పెట్టింది. ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో చదివాను. నిద్రలోనే గుండె ఆగిందట. చాలాసేపు కారు దిగలేకపోయాను. స్కూల్లో అందరం ఆయన్ని ఇంటిపేరుతో పిలిచేవాళ్ళం. మా ఇంట్లో మాత్రం ఆయన ఎప్పుడూ 'మాస్టారు'. ఇక్కడా అలాగే రాస్తాను.

నాన్న ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చి ఉంటున్న ఫార్మింగ్టన్ హిల్స్ ఊళ్ళో నేను పదకొండో తరగతి చదువుతున్న ఏడాది అది. నాన్న పనిచేసేదాంతో సహా కార్ల కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్న రోజులు. నాన్న ఫోన్ మోగితే అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. సరిగ్గా అప్పుడే నేను కెమిస్ట్రీ మానేసి వడ్రంగం క్లాసు తీసుకున్నాను. "ఇంజనీరింగ్‌కి అప్లై చేసేటప్పుడు ఇదేం హెల్ప్ అవుతుందమ్మా?" అన్నారు నాన్న. నాకు కొత్తగా కోసిన చెక్క వాసన నచ్చింది, అంతే.

మాస్టారు పొట్టి మనిషి, నెమ్మదస్తుడు. కోత వంకరపోతే ఆ చెక్కను మన చేతికే ఇచ్చి "ఏమైందో చెప్పు" అనేవారు. "తెలీదు" అంటే ఒప్పుకునేవారు కాదు. ఆయన గొంతు పెంచేది టేబుల్ సా దగ్గర ఒక్కచోటే. ఇనప బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకొచ్చి తిరిగే మెషిన్ అది. "స్విచ్ ఆపితే రంపం ఆగినట్టు కాదు. పూర్తిగా ఆగేదాకా చేతులు వెనక్కి!" అని రోజూ చెప్పేవారు. రోజూ చెప్పడం వల్ల మేం ఆ మాట వినడం మానేశాం.

నవంబర్‌లో ఒకరోజు పుస్తకాల అర కోసం పలక కోస్తున్నాను. కోత అయిపోయాక స్విచ్ ఆపాను. మిగిలిన చిన్న ముక్క ఒకటి రంపం పక్కన ఇరుక్కుని టకటకా కొట్టుకుంటోంది. బెల్ కొట్టే టైమయింది. తీసేద్దామని చెయ్యి చాపాను.

మణికట్టు మీద బలంగా దెబ్బ తగిలింది. నా చెయ్యి పక్కకి పోయింది. దాన్ని తోసిన మాస్టారి ఎడమచెయ్యి రంపం మీదుగా వెళ్ళింది. ఆయన బొటనవేలి కొస తెగిపోయింది.

ఆయన ఆ చేతిని ఆప్రాన్‌లో చుట్టుకున్నారు. మొహం పాలిపోయింది. "నీ వేళ్ళు చూపించు," అన్నారు. రెండు చేతులూ చాపాను. ఒక్కొక్క వేలే చూసి, "సరే. ఇప్పుడు ఆఫీస్‌కి ఫోన్ చెయ్," అన్నారు.

మిగతావాళ్ళంతా మెషిన్ల మోత వినపడకుండా చెవులకి కప్పులు పెట్టుకుని ఎవరి పనిలో వాళ్ళున్నారు. జరిగింది చూసింది ఆయనా, నేనూ. మధ్యాహ్నం ఆఫీస్‌లో నాకో ఫారం ఇచ్చారు. 'పక్కన నిలబడి ఉన్నాను. ఎలా జరిగిందో చూడలేదు' అని రాసి సంతకం పెట్టాను. స్కూల్లో గొడవైతే నాన్న ఉద్యోగానికీ, మా వీసాలకీ ముప్పొస్తుందని నాకు నేనే ఊహించేసుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అదొక సాకు. తిడతారని భయపడ్డాను.

మర్నాటి నుంచి వడ్రంగం గదికి తాళం. ఆయనే అజాగ్రత్తగా చెయ్యి పెట్టారనీ, ఆయన్ని పంపించేస్తారనీ, క్లాసే ఎత్తేస్తారనీ పిల్లలు చెప్పుకున్నారు. కంచంలో నా అన్నం అలాగే మిగిలిపోయేది. జ్వరమేమోనని అమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసేది.

నాలుగో రోజు మాస్టారు చేతికి కట్టుతో కారిడార్‌లో కనిపించారు. దగ్గరికెళ్ళి, "నా పేరు ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"నేను చేసింది నేను రాశాను. మెషిన్ మీద కన్నేసి ఉంచాల్సిన టైమ్‌లో ఇంకోవైపు చూస్తున్నాను. అది నా తప్పు. నువ్వు చేసింది నువ్వు రాయాలి."

"రాయకపోతే?"

"ఏమీ కాదు. ఎవరికీ తెలీదు. కానీ ఆ మెషిన్ దగ్గరికి నువ్విక రాలేవు."

మర్నాడు స్కూల్‌కి వెళ్తూ కార్‌లో నాన్నకి అంతా చెప్పేశాను. ఎర్ర లైటు దగ్గర ఆయన కారు ఆపారు.

"నాన్నా, నీ జాబ్‌కి ప్రాబ్లం అవుతుందా?"

"నీ చెయ్యి ఇటివ్వు," అన్నారు. ఎర్ర లైటు ఆరేదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. తర్వాత మేనేజర్‌కి ఫోన్ చేసి మీటింగ్‌కి రాలేనన్నారు. ఎవరి ఉద్యోగం ఎప్పుడు పోతుందో తెలియని వారంలో ఆ మాట అన్నారు. "పద, నేనూ వస్తా."

ఇంకో ఫారం అడిగి తీసుకున్నాను. మెడలో కంపెనీ బ్యాడ్జితో నాన్న పక్కన కూర్చున్నారు. ఈసారి నా చెయ్యి ఎక్కడికి వెళ్ళిందో, ఎందుకు వెళ్ళిందో రాశాను.

క్లాసు నిలబడింది. మాస్టారికి ఆఫీస్ నుంచి వార్నింగ్ లెటర్ వచ్చింది. నన్ను ఏడాది చివరిదాకా మెషిన్లు ముట్టుకోవద్దన్నారు. నా పుస్తకాల అర మొత్తం చేతిరంపంతోనే కోశాను. పక్కబల్ల దగ్గర ఆయన ఆ పొట్టి బొటనవేలితో ఉలి పట్టుకోవడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటుండేవారు. ఉలి జారిపోయేది. చెక్కను తిప్పి చూసుకుని, "ఏమైందో చెప్పు" అని తనకి తానే అనుకునేవారు. నావైపు ఒక్కసారి కూడా చూసేవారు కాదు. అది నా మీద దయ అని చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. నాకు పది వేళ్ళూ ఉన్నాయి. ఇది టైప్ చేస్తున్నది వాటితోనే.

ఆ మెసేజ్ వచ్చాక, శనివారం మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళారు. ఇంకా పాలిష్ పెట్టని కుర్చీ ఒకటి బల్ల మీద ఉంది. జిగురు ఆరేదాకా అతుకుల్ని నొక్కి పట్టే ఇనప క్లాంపులు నాలుగు వైపులా బిగించి ఉన్నాయి.

"ఆదివారం జిగురు పెట్టి బిగించారు. ఎప్పుడు తీయాలో చెప్పలేదు," అన్నారావిడ.

"ఇప్పుడు తీయొచ్చు," అన్నాను.

ఒక్కొక్క మర వదులు చేసి క్లాంపులు తీశాను. అతుకులు కదల్లేదు. కుర్చీని కిందికి దించి సిమెంటు నేల మీద పెట్టాను. నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయి. ఆవిడ కాసేపు దాని వీపు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. తర్వాత కోటు కూడా విప్పకుండా మెల్లగా అందులో కూర్చుని, తెరిచి ఉన్న గరాజ్ తలుపులోంచి డ్రైవ్‌వే మీద పడుతున్న మంచువైపు చూస్తూ ఉండిపోయారు.